మార్కులు సరే, ఆన్సర్ పేపర్ ఏదీ?

మా అమ్మ తన జీవితంలో మొదటి పరీక్ష డెబ్భై నాలుగో ఏట రాసింది. ముప్పైకి పదిహేడు వచ్చాయి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు మార్కులు వేస్తున్నాను. ముప్పైకి పదిహేడు తెచ్చుకున్న పిల్ల మా బడిలో నవ్వుకుంటూ ఇంటికి పోతుంది. అమ్మ రాసింది మతిమరుపు పరీక్ష. అనంతపురంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి చీటీ మీద మాత్రం పదిహేడు పక్కనే ‘మోడరేట్ డిమెన్షియా’ అని రాశారు, అంటే మతి తప్పడం మధ్యస్థాయికి చేరిందని. మా తమ్ముడు ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మెట్లు దిగేదాకా ఎవరమూ నోరెత్తలేదు. అమ్మే అడిగింది, “ఏమంట? పాసైనానా?” అని.

అమ్మకు జబ్బు లేదని నేను అనడం లేదు. డిమెన్షియా తెచ్చే జబ్బుల్లో ఒకటైన అల్జీమర్స్ ఉంది, తర్వాత గట్టిగానే తేలింది. నా తగువల్లా ఆ పదిహేడుతో. అంకె చేతికిచ్చి ఆన్సర్ పేపర్ ఇవ్వకపోవడంతో.

పరీక్ష జరిగేటప్పుడు నేను గదిలోనే ఉన్నాను. ఇన్విజిలేటర్ బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక్కో ప్రశ్నకూ మనసులో మార్కులు వేసుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు 2024 ఆగస్టు 8, గురువారం. డాక్టరు కుర్రాడు, కోస్తా వైపు యాస, మంచివాడు. విసుక్కోకుండానే అడిగాడు.

“ఈ రోజు తేదీ ఎంతమ్మా?”

“అమాస పోయి నాలుగు దినాలైంది సామీ.”

“అది కాదమ్మా, తేదీ.”

“నాగుల చవితి గదా! పొద్దున్నే పుట్టకాడికి పోవల్ల. ఈ పాప ఈడికి పిల్చుకొచ్చింది.”

సున్నా. నెల ఏది అంటే శ్రావణం అంది. దానికీ సున్నా, ఆయనకు కావాల్సింది ఆగస్టు. ఇంటికొచ్చి క్యాలెండర్ తిప్పి చూశాను. శ్రావణ శుద్ధ చవితి. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మాది ధర్మవరంలో మగ్గం ఇల్లు. అమాసకు మగ్గం ఆడేది కాదు. నెలలో ఆ ఒక్క రోజూ ఇంట్లో చప్పుడు ఉండేది కాదు. యాభై ఏళ్లు ఆ నిశ్శబ్దంతో రోజులు లెక్కపెట్టుకున్న మనిషికి తేదీ తెలుసు. మనం అడిగిన తేదీ తెలియదు. సంవత్సరం మాత్రం నిజంగానే తెలియలేదు. అడిగితే నా వైపు చూసింది.

వారం చెప్పింది. వానాకాలమని చెప్పింది. ఊరు, జిల్లా, రాష్ట్రం చెప్పింది. ఆసుపత్రి పేరు కూడా చెప్పింది. ఎన్నో అంతస్తు అంటే తెలియలేదు. లిఫ్టులో తీసుకెళ్లాం మరి. జిల్లా ప్రశ్నకు గండం ఎలా తప్పిందా అనుకున్నాను. ఇదే ప్రశ్న ధర్మవరంలో మా ఇంట్లో కూర్చోబెట్టి అడిగి ఉంటే కచ్చితంగా అనంతపురం అనేది, ఒక మార్కు పోయేది. 2022 ఏప్రిల్ 4న ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. మా స్కూలు అటెండరు ఇప్పటికీ ఊరి పేరు కింద అనంతపురం జిల్లా అనే రాస్తాడు, అతనికి నలభై ఏళ్లు. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. ఈనాటికీ తాలూకా అనే పెద్దవాళ్లు వీధికి పదిమంది ఉన్నారు. సర్కారు సరిహద్దులు మార్చినప్పుడల్లా ముసలివాళ్ల మెదడుకు ఒక మార్కు కోత పడుతుందన్నమాట.

తర్వాత వందలోంచి ఏడు తీసెయ్యమన్నాడు. “వంద ఏంది సామీ? రూపాయలా?” అంది అమ్మ. ఆయన నవ్వి రూపాయలే అన్నాడు. “తొంభై మూడు.” ఇంకో ఏడు? “ఎనభై ఆరు.” కూలి డబ్బులు లెక్కపెట్టిన చెయ్యి, నోట్లలోనే కదా చెబుతుంది. ఇంకో ఏడు అనేసరికి ఆగింది. “యాడిదాకా వచ్చినాం?” అంది. ఎనభై ఆరు దగ్గర ఉన్నామన్న సంగతే జారిపోయింది. లెక్క రాక కాదు. చేతిలో పట్టుకున్న అంకె చేతిలో నిలవలేదు. అక్కడ మూడు మార్కులు పోయాయి, అవి పోవాల్సిన మార్కులే.

అంతకుముందే మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. మామిడి, కుర్చీ, రూపాయి. వెంటనే చక్కగా తిరిగి చెప్పింది. కాసేపయ్యాక అడిగారు.

“ఏం మాటలు సామీ? నువ్వేం చెప్పలేదే.”

నాకు ఒళ్లు జల్లుమంది అప్పుడే. మాటలు మరిచిపోవడం వేరు, మాటలు చెప్పారన్న సంగతే లేకపోవడం వేరు. ఒకటి పండు అని డాక్టరు అందించాడు. “అరటిపండా?” అంది. ఊహించి చెప్పింది, గుర్తొచ్చి కాదు.

చివర్లో ఒకదాన్నొకటి కొరుక్కున్న రెండు ఐదు మూలల బొమ్మలు చూపించి, అలాగే గీయమన్నారు. పెన్సిలిచ్చారు. అమ్మ దాన్ని మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడెను పట్టుకున్నట్టు పట్టుకుంది. చూడగానే తెలిసిపోయింది, ఈ మార్కు పోయినట్టేనని. చదవమన్న వాక్యం చదవలేదు, రాయమన్న వాక్యం రాయలేదు. బడి మొహం చూడని మనిషి ఎలా రాస్తుంది?

ఆ రాత్రి భోజనాలయ్యాక నోటుబుక్కు తీసి లెక్క కట్టాను. పోయిన పదమూడులో కాలానికి మూడు, అంతస్తుకు ఒకటి, తీసివేతలకు మూడు, గుర్తుంచుకోవాల్సిన మాటలకు మూడు, చదవడం రాయడం గీయడం కలిపి మూడు. బడికి పోలేదు కాబట్టి పోయినవి మూడు. మన పంచాంగం వాళ్ల క్యాలెండర్‌తో కలవక పోయినవి రెండు. లిఫ్టు పుణ్యాన పోయింది ఒకటి. సరిగ్గా జబ్బు తీసుకెళ్లినవి ఏడు. ఆ ఏడింటిలో మూడు మాటలవి మరీ ముఖ్యం. మెదడులో కొత్త సంగతిని దాచిపెట్టే చోటునే అల్జీమర్స్ ముందుగా పట్టుకుంటుంది. అందుకే అందించినా అందదు. దిగులుతోనో వేరే కారణంతోనో మతి తప్పినవాళ్లకు చిన్న ఆధారం ఇస్తే చాలాసార్లు మాట బయటికొస్తుంది, ఎందుకంటే లోపల ఉంది కాబట్టి. పదిహేడు అనే అంకెలో ఇదేమీ కనపడదు.

ఇద్దరు పిల్లలకు పదిహేడేసి వస్తే వాళ్లిద్దరూ ఒకటేనని ఏ టీచరూ అనుకోదు. ఒకడికి రేఖాగణితం అస్సలు రాకపోవచ్చు, ఇంకొకడు ప్రతి లెక్కలోనూ చివరి మెట్టు దగ్గర జారి ఉండొచ్చు. పేపరు చూడకుండా మొత్తం చూసి పాఠం చెప్పే టీచరు ఎవరైనా ఉంటే ఆమెను ముందు బడి నుంచి పంపించేయాలి. మరి మెదడు విషయంలో మొత్తం ఒక్కటే చేతిలో పెట్టి ఎలా పంపిస్తున్నారు? మర్నాడు ఫోన్ చేసి అడిగాను కూడా. ఆ కాగితం దాచరట. ఫైల్లో అంకె ఎక్కిస్తే చాలట.

ఈ పరీక్షను 1975లో అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి రూపొందించారు. పేరులోనే మినీ ఉంది, ఎంఎంఎస్ఈ అంటారు. మంచం పక్కన నిలబడి ఐదు పది నిమిషాల్లో రోగి పరిస్థితి అంచనా కట్టడానికి చేసిన పనిముట్టు అది. ఇరవై నాలుగు కంటే తక్కువొస్తే అనుమానించాలన్నది వాడుకలో స్థిరపడిన గీత. చవకైంది, తొందరగా అయ్యేది కాబట్టి లోకమంతా పాకింది. ఇప్పుడు దాని హక్కులు ఒక అమెరికన్ కంపెనీవి, ఫారం వాడుకుంటే డబ్బు కట్టాలి. అది వేరే కథ.

దీన్ని ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల కోసం చేశారు, తప్పులేదు. ఇబ్బంది తర్జుమా దగ్గర మొదలవుతుంది. ఇంగ్లీషులో ఆ ఏడు తీసివేతలకు బదులు ‘వరల్డ్’ అనే మాట స్పెల్లింగును వెనకనుంచి చెప్పమనడమూ ఉంది. తెలుగు బడిలో స్పెల్లింగ్ అనే పరీక్షే లేదు, పలికినట్టే రాస్తాం. ప్రపంచం అన్న మాటను తిప్పి చెప్పమంటే ‘చం పం ప్ర’ అనాలా? ఒత్తులూ సున్నాలూ ఎటు తిరగాలి? నేను మా తొమ్మిదో తరగతి పిల్లల్ని అడిగి చూశాను. క్లాసంతా నవ్వులే నవ్వులు. ఇక ‘నో ఇఫ్స్ ఆండ్స్ ఆర్ బట్స్’ అనే వాక్యాన్ని తిరిగి చెప్పమంటారు. ఇంగ్లీషులో దాని కష్టమంతా ఆ చిన్న చిన్న పొడిమాటల్లో ఉంది. తెలుగులోకి వచ్చేసరికి కష్టమే ఆవిరైపోతుంది.

ఈ సంగతి మనవాళ్లకు తెలియక కాదు. హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గరి పల్లెల్లో చదువు లేని వృద్ధుల కోసం ఇదే పరీక్షను తిరగరాసి 1995లోనే ప్రచురించారు. హిందీ మెంటల్ స్టేట్ ఎగ్జామినేషన్ అని దాని పేరు. అందులో ఇప్పుడు పొద్దునా, మధ్యాహ్నమా, సాయంత్రమా అని అడుగుతారు. కాగితం మీది వాక్యం చదివి కళ్లు మూయమనే బదులు, నేను చేసినట్టు చెయ్యి అని చెప్పి డాక్టరే కళ్లు మూస్తారు. వాక్యం రాయించే బదులు మీ ఇంటి గురించి ఒక మాట చెప్పమంటారు. ఎంత తేలికైన మార్పులు! దేశవ్యాప్త సర్వే చేసి 2023లో, 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా కట్టారే, అందులోనూ ఈ హిందీ పరీక్ష ఉంది. తెలుగుకైతే భారతీయ వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల పెట్టె ఉంది. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం, ఐదు భాషల్లో, చదువుకున్నవాళ్లకూ చదువుకోనివాళ్లకూ సరిపడేలా కొలతలు కట్టి 2020లో దాని వివరాలు ప్రచురించారు. పనిముట్లు ఉన్నాయి. అనంతపురంలో ఓపీ టేబుల్ సొరుగులోకి రాలేదు, అంతే.

2011 జనాభా లెక్కల ప్రకారం మా ఉమ్మడి జిల్లాలో అక్షరాస్యత 64 శాతం కూడా లేదు. అది చిన్నా పెద్దా అందరినీ కలిపి. డెబ్భై దాటిన ఆడవాళ్లను విడిగా లెక్కేస్తే ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. వీళ్ల చేతికి పెన్సిలిచ్చి మెదడు కొలుస్తున్నాం.

కెనడాలో నస్రెద్దీన్ బృందం 2005లో ప్రచురించిన మోకా అనే ఇంకో పరీక్ష ఉంది. అదీ ముప్పైకే. పన్నెండేళ్లు లేదా అంతకంటే తక్కువ చదివినవాళ్లకు ఒక మార్కు కలుపుతారు. చదివి నవ్వుకున్నాను. గ్రేస్ మార్కు! అస్సలు బడికే పోని మనిషికీ, ఇంటర్ పాసైన మనిషికీ అదే ఒక్క మార్కు. తర్వాత చదువు తక్కువ ఉన్నవాళ్ల కోసం వేరే మోకా కూడా తెచ్చారు, కాబట్టి వాళ్లూ గ్రహించినట్టే.

ఇక్కడిదాకా చదివి, సరే, పరీక్ష చదువులేనివాళ్లకు అన్యాయం చేస్తుంది, అంతేగా అనుకోవచ్చు. మా ఇంట్లో రెండోవైపు అన్యాయం కూడా జరిగింది. అది ఇంకా ఖరీదైంది.

మా మామయ్య తహసీల్దారు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. 2022 చివర్లో ఆయనకు ఇదే పరీక్ష చేయించాం. ముప్పైకి ఇరవై ఎనిమిది! తేదీ అడిగితే తేదీతో పాటు రెవెన్యూ ఆఫీసుల లెక్కలో సంవత్సరం, ఫసలీ 1432 అని కూడా చెప్పారట. వందలోంచి ఏడేసి తీస్తూ రెండు దాకా దిగిపోయారట, డాక్టరే ఆపాల్సి వచ్చిందట. వయసుతో వచ్చే మతిమరుపే, దిగులు పడకండి అన్నారు. మేమూ ఊపిరి పీల్చుకున్నాం. అప్పటికి ఇంట్లో జరుగుతున్నది ఏమిటంటే, కరెంటు బిల్లు ఒకే నెలలో రెండుసార్లు కట్టారు. బ్యాంకు బాండ్లు బియ్యం డబ్బాలో దాచి, పనిమనిషి ఎత్తుకుపోయిందని గొడవ చేశారు. ఆ అమ్మాయి ఏడ్చి పని మానేసింది. అయినా ఇరవై ఎనిమిది చూసుకుని, ఆయన బాగానే ఉన్నారు, ఆ పిల్లే తీసుండొచ్చు అని మా ఇంట్లోనే ఒకరన్నారు. బాండ్లు ఉగాదికి బియ్యం అడుగుకొచ్చాక దొరికాయి. ఆ అమ్మాయి ఇంటికి నేనే పోయాను. తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు.

ఆయనకు పోయిన రెండు మార్కులు ఏవి? మూడు మాటల్లో రెండు. మిగతా ఇరవై ఏడింటికి ఇరవై ఏడూ వచ్చాయి. నలభై ఏళ్లు ఫైళ్లు నడిపిన బుర్రకు ఆ ఇరవై ఏడూ నిద్రలో కూడా వస్తాయి, పరీక్ష అక్కడికి తాకనే లేదు. మోకాను తెచ్చిందే ఇలా తప్పించుకుపోయేవాళ్లను పట్టుకోవడానికి. ఆ రోజు మాకు ఆన్సర్ పేపర్ చూపించి, పోయిన రెండూ ఒకేచోట పోయాయి చూడండి అని ఎవరైనా అని ఉంటే, బాండ్ల సంగతి అప్పుడే బయటపడేది. ఏడాది తర్వాత ఆయన టవర్ క్లాక్ దగ్గర నిలబడి మా ఇంటికి దారి అడిగారు, తెలిసినవాళ్లు తీసుకొచ్చి దించారు.

ఇద్దరి మొత్తాలకూ మధ్య పదకొండు మార్కుల తేడా. మూడు మాటల దగ్గర తేడా ఒక్కటే మార్కు.

ఇప్పుడు నా దొంగతనం కూడా చెప్పుకోవాలి. అమ్మకు పదిహేడు వచ్చాక ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. లెక్కల టీచర్ని కదా, ఊరుకుంటానా? వంటింట్లో గోడకు పలక తగిలించాను. రోజూ కాఫీ కాగానే క్లాసు. తేదీ, నెల, సంవత్సరం. ఆసుపత్రి ఎన్నో అంతస్తు. మామిడి, కుర్చీ, రూపాయి. మూడు మాటలూ మార్చరని నాకు అనుమానం, నిజంగానే మార్చలేదు. పదో తరగతి పిల్లలకు గైడు బట్టీ పట్టించినట్టు పట్టించాను. ఆరు నెలల తర్వాత ఇరవై వచ్చాయి.

డాక్టరు సంతోషపడ్డాడు. మందు పనిచేస్తోందన్నాడు, అదే మోతాదు కొనసాగించమన్నాడు. నేను నోరు మూసుకున్నాను. మా తమ్ముడైతే ధర్మవరానికి ఫోన్ చేసి అమ్మకు నయమవుతోందని చెప్పేశాడు. స్లిప్పులు అందించి పిల్లని పాస్ చేయించిన తల్లిదండ్రులను ఎన్నిసార్లు తిట్టానో! పెరిగిన మూడు ఏవో నాకు తెలుసు. నెల, సంవత్సరం, అంతస్తు. మూడు మాటలు? ఆరు నెలలు రోజూ చెప్పినా నిలవలేదు. ‘మామిడి’ అని నేను అందుకుంటే ‘కుర్చీ, రూపాయి’ అని పాటలా వచ్చేది. నేను అందుకోకపోతే లేదు. ఆసుపత్రిలో ఎవరూ అందుకోలేదు. జబ్బు ఎంత గట్టిగా పట్టిందో చెప్పే సాక్ష్యం మా వంటింట్లో రోజూ కళ్లముందే ఉంటే, నేను మాత్రం పలక మీద తేదీ దిద్దిస్తూ కూర్చున్నాను.

ఈ జబ్బులో ఎంఎంఎస్ఈ మార్కు సగటున ఏడాదికి రెండు మూడు తగ్గుతుంది. నిద్ర పట్టకపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఆ రోజు గదిలో ఫ్యాను చప్పుడెక్కువైనా రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. అమ్మ చెవిలో గులిమి గట్టిపడి ఉందని, తీయించాక సగం ప్రశ్నలు మొదటిసారికే వినపడుతున్నాయని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వీటి మధ్య మూడు పెరిగిందని స్వీట్లు పంచడం, రెండు తగ్గిందని ఏడవడం, రెండూ తొందరపాటే.

చివరికి బెంగళూరు తీసుకెళ్లాం. అక్కడ సైకాలజిస్టు గంటన్నర కూర్చుంది. ముందు అమ్మ పని గురించి అడిగింది. కండెలు ఎలా చుడతారు, పడుగులో పోగు తెగితే ఎలా తెలుస్తుంది, ఇలాంటివి. అమ్మ పుట్టింది మడకశిర వైపు, కన్నడం పుట్టింటి భాష, కాబట్టి ఏ భాషలో జవాబు చెప్పినా తీసుకుంది. ఒక్క నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలవంటే అమ్మ ఆవు, ఎనుము, మేక, గొర్రె అంటూ మొదలుపెట్టింది. తర్వాత హసు అంది. అది కన్నడంలో ఆవే. ఆమె రెండోదాన్ని కొట్టేయలేదు, పక్కన చిన్న గుర్తు పెట్టుకుంది. ఇదే ప్రశ్న అనంతపురంలో అడిగినప్పుడు మా కోస్తా డాక్టరు, “ఎనుము అంటే ఏంటి?” అని నన్ను అడిగాడు పాపం. గేదె అని చెప్పాను.

రెండు భాషల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివాళ్లలో కూడా. తెలుగూ ఉర్దూ, తెలుగూ కన్నడం కలిపి బతికే మా రాయలసీమ వీధులకు అది మంచి కబురే. అమ్మను ఆ కన్నడం ఎన్నేళ్లు కాపాడిందో ఎవరు చెప్పగలరు?

బెంగళూరు తీర్పు: అల్జీమర్స్, తొలిదశ. మోడరేట్ కాదు. వాళ్లు అమ్మను అడిగిన దానికంటే నన్నూ తమ్ముణ్ణీ అడిగింది ఎక్కువ. డబ్బు లెక్క చూసుకుంటోందా, ఒంటరిగా కొట్టుకు పోయి వస్తోందా, ఇష్టమైన పనులేవైనా మానేసిందా. అమెరికాలోని సెయింట్ లూయీలో 1982లో తయారైన సీడీఆర్ అనే పద్ధతి ఇలాంటిదే. జ్ఞాపకం, ఇల్లు, బయటి పనులు, ఒంటి శుభ్రం, ఇలా ఆరు విషయాల్లో మనిషిని ఆ మనిషి పాత రోజులతోనే పోల్చి చూస్తారు. నాకు నచ్చింది ఇదే. అమ్మను ఇంటర్ పాసైన అమెరికన్‌తో కాకుండా, పదేళ్ల కిందటి అమ్మతో కొలవడం. ఇందులోనూ చిక్కులున్నాయి. కొడుకు ఒకటి చెబుతాడు, కోడలు ఇంకోటి చెబుతుంది. పైగా కొత్త మందుల భవిష్యత్తు చాలావరకు దీనిమీదే నడుస్తోంది. లెకనెమాబ్ అనే మందును 1,795 మంది మీద ఏడాదిన్నర పరీక్షిస్తే, పద్దెనిమిది పాయింట్ల సీడీఆర్ కొలతలో మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా 0.45. అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. ఆ 0.45 ఇంట్లో ఉన్నవాళ్లకు కనపడుతుందా లేదా అని డాక్టర్లే ఇంకా వాదించుకుంటున్నారు. నాకైతే బియ్యం డబ్బాలో బాండ్లు గుర్తొచ్చాయి.

ఓపీలో అరవైమంది క్యూలో ఉంటే గంటన్నర ఎవరు కూర్చుంటారు అని మీరడగొచ్చు. ఒప్పుకుంటాను. అంకె కావాలి, అది లేకపోతే ఆరు నెలల తర్వాత దేనితో పోలుస్తారు? నేను అడిగేది గంటన్నర కాదు. రాసిన కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకోనివ్వండి, చాలు. ఏ ప్రశ్నకు ఏం చెప్పిందో ఆమె మాటల్లోనే పక్కన రాయండి. శ్రావణం అన్నదా, ఏమో అన్నదా? రెండింటికీ సున్నాయే గానీ రెండూ ఒకటి కాదు.

ఈ జబ్బుకు పేరిచ్చిన అలాయిస్ అల్జీమర్ చేసింది అదే. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగస్టె డీటర్ అనే యాభై ఒక్కేళ్ల ఆమెను కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగాడు. పేరు? ఆగస్టె. ఇంటిపేరు? ఆగస్టె. భర్త పేరు? ఆగస్టె అనుకుంటా. మధ్యాహ్నం ఆమె కాలీఫ్లవరూ పంది మాంసమూ తింటుంటే ఏం తింటున్నావని అడిగాడు. పాలకూర అంది. మార్కులు వేయలేదాయన. ఆమె అన్నది అన్నట్టు రాసుకున్నాడు. ఆమె 1906లో పోయింది. ఫైలు ఎక్కడో పడిపోయి 1995లో మళ్లీ దొరికింది. తొంభై నాలుగేళ్ల తర్వాత తెరిచినా ఆమె ఎక్కడ తడబడిందో, ఎలా తడబడిందో కనపడింది. అందులో ముప్పైకి ఇంత అని మాత్రమే ఉండి ఉంటే మనకు ఏం తెలిసేది?

పలక తీసేసి నేనూ ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, జరిగింది, అమ్మ అన్న మాట. ‘ఉగ్గాని చేసింది. బొరుగులు నానబెట్టి, పిండి, పక్కన పెట్టి మరిచిపోయింది. మళ్లీ కొత్త బొరుగులు నానబెట్టింది.’ ‘పాలవాడికి ఇచ్చిన నూరుకు చిల్లర సరిగ్గా లెక్కపెట్టుకుంది.’ ‘నాన్న ఇంకా మగ్గం దిగలేదా అంది. నాన్న పోయి తొమ్మిదేళ్లు.’ ‘ధర్మవరంలో పక్కింటి మగ్గం దగ్గర నిలబడి, పడుగులో తెగిన పోగు కంటితోనే పట్టుకుంది, ముడేసింది. ఈ ఇల్లు ఎవురిది మే అని రెండుసార్లు అడిగింది.’ ఆ ముడికి ఏ పరీక్షలో ఎన్ని మార్కులో నాకు తెలియదు. రాసి మాత్రం పెట్టుకున్నాను.

పోయిన నెల మళ్లీ ఆ కోస్తా డాక్టరు దగ్గరికే వెళ్లాం. మంచివాడన్నాను కదా. ఈసారి ముందే పలక సంగతి ఒప్పేసుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. “అంటే ఆ మూడూ మీవేనా మేడమ్?” అన్నాడు. మూడు మాటలూ మార్చి అడిగాడు. మొత్తం పదహారు. మూడు మాటలకు సున్నా. ఆన్సర్ పేపర్ చేతికిచ్చి జిరాక్స్ తీయించుకుని వెనక్కి ఇవ్వమన్నాడు. శ్రావణం లాంటివి ఏవైనా ఉంటే పక్కన రాస్తానని కూడా అన్నాడు.

సప్తగిరి సర్కిల్ దగ్గర జిరాక్స్ షాపులో నిలబడ్డాం. అమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుని, కంటికి దూరంగా పట్టుకుని చూసింది. అరగంట కిందట తనే గీసిన ఆ రెండు బొమ్మల మీద వేలు పెట్టింది.

“ఈ బుటా ఎవురేసినారు మే? వంకర పోయింది. ఇది ఇట్లా నేస్తే సేటు కూలి కోస్తాడు.”